నడిమి గుండు

4 జనవరి 2025, శనివారం

ఈరోజు అబద్ధం చెప్పాను. చిన్నదే. కానీ బస్సులో కూర్చున్నంతసేపూ గుచ్చుకుంటూనే ఉంది.

చుట్టుపక్కల స్కూళ్లన్నీ కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో టీచర్లందరికీ ఒక ఫారం పంచారు. పేరు, సబ్జెక్టు, సర్వీసు, చివర్లో 'మీ హాబీ'. ఒక్కొక్కరం లేచి చదవాలి. సోషల్ సార్ పాత బస్ టికెట్లు దాస్తాడట, మూడు బిస్కెట్ డబ్బాలు నిండాయట. తెలుగు మేడం చింతగింజల మీద సూదితో అక్షరాలు చెక్కుతుంది. ఒక గింజ పర్సులోంచి తీసి అందరి చేతులకూ ఇచ్చింది. వెలుతురుకు పట్టి చూశాను. చక్కటి 'క్ష'. మా స్కూల్లో లెక్కలు చెప్పే నాగసాయి సార్ వాళ్ల మిద్దె మీదికొచ్చే కాకులకు పేర్లు పెట్టి, ఏది ఎన్నింటికి వస్తుందో నోట్సులో రాసుకుంటాడట. అందరూ నవ్వారు, గట్టిగా చప్పట్లు కొట్టారు.

నా వంతు వచ్చింది. "పుస్తకాలు చదవడం" అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నా హాబీ బరువులెత్తడం. దాదాపు రెండేళ్లుగా రోజూ పొద్దున ఐదింటికి జమ్మలమడుగులో మా మిద్దె మీద ఇసుక మూట ఎత్తుతున్నాను. నాకు నలభై మూడు. పెద్దముడియం వైపు ఒక హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఇంట్లో భర్త జీవన్‌కూ అత్తకూ తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. జీవన్ దాన్ని 'ఎక్సర్‌సైజు' అంటాడు, అంతకు మించి అడగడు.

చింతగింజ మీద 'క్ష' చెక్కే ఆమె సిగ్గుపడలేదు. కాకులకు పేర్లు పెట్టే ఆయన సిగ్గుపడలేదు. నేనెందుకు పడ్డాను?

5 జనవరి, ఆదివారం

మూట నలభై కేజీలు. పన్నెండు సార్లు. ఆయాసం లేదు. మూటకు పట్టుకునే చెవులున్నాయి. ఇది ఇక చాలదు.

12 జనవరి, ఆదివారం

దొరికింది. లింగాల దగ్గర నల్లగుట్టపల్లె. పోయిన ఉగాది వీడియో ఎవరో యూట్యూబ్‌లో పెట్టారు. ఊరి నడుమ మూడు రాతి గుండ్లు, పసుపు పూసి ఉన్నాయి. చిన్న గుండు ముప్పై అయిదు కేజీలు, నడిమి గుండు అరవై రెండు, పెద్ద గుండు నూట నాలుగు. భుజం మీదికి ఎత్తి వెనక్కి వేస్తే లెక్క, ఒక్కొక్కరికి మూడు ఛాన్సులు. ముగ్గురు ఎత్తారు, పదకొండు మంది ఎత్తలేకపోయారు. ఏడుసార్లు చూశాను. ఎత్తలేని వాళ్లను ఎక్కువసార్లు చూశాను. అందరూ నడుముతో లాగుతున్నారు.

నడిమి గుండు నేను ఎత్తుతాను. రాసి పెట్టుకుంటున్నాను. ఉగాదికి డెబ్బై ఏడు రోజులు.

19 జనవరి, ఆదివారం

చర్చి అయ్యాక ప్రొద్దుటూరు పోయాను. రాళ్లెత్తడం నేర్పే అబ్దుల్ వాహిద్ గారి తాలింఖానా, అదే పాతకాలపు వ్యాయామశాల, బట్టల అంగళ్ల వెనక సందులో ఉంది. ముందు గదిలో ఆయన పరుపులు కుడతాడు, వెనక మట్టి నేల, కర్ర గదలు, తాళ్లు, మూలన నాలుగు రాళ్లు. అరవై ఎనిమిదేళ్ల మనిషి. గడ్డంలో దూది పోగులు. విషయం చెప్పాను. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"టీచరమ్మా, ఈడికి ఆడోళ్లు రారు. నలభై ఏండ్లుగా సూస్తాండా. మొగోళ్లు లంగోటీలు కట్టుకోని తిరిగే సోటు. నీకూ మర్యాద గాదు, నాకూ మర్యాద గాదు" అన్నాడు.

ఒక్క రాయి ముట్టుకుని పోతానన్నాను. మూలనున్న చిన్నది చూపించాడు. ముప్పై కేజీలుండొచ్చు. కూర్చుని, తొడల మీదికి లాక్కుని, ఎదకు అదుముకుని లేచాను. ఆయన సూది పక్కన పెట్టి లేచి వచ్చాడు.

"నడుముతో లేపలే. మోకాళ్లతో లేపినావు. ఎవురు నేర్పినారు?"

ఒక నర్సు నేర్పిందన్నాను. ఆయనకు అర్థం కాలేదు. నేనూ వివరంగా చెప్పలేదు.

చివరికి మూడు షరతులు పెట్టాడు. ఆదివారం రెండు నుంచి నాలుగు వరకే, అప్పుడు మగవాళ్లు ఉండరు. నాతో ఇంటి ఆడమనిషి ఒకరు రావాలి. ఆయన ఆపమన్నప్పుడు ఆపాలి. మూడింటికీ సరేనన్నాను. బస్టాండు దాకా దాదాపు పరిగెత్తాను.

26 జనవరి, ఆదివారం

పొద్దున స్కూల్లో జెండా. మధ్యాహ్నం అత్తతో ప్రొద్దుటూరు.

అత్త పేరు యేసమ్మ, డెబ్బై నాలుగేళ్లు. బస్సు దిగగానే మోకాళ్లు నొప్పి అంది. తాలింఖానాలో కుర్చీ వేసి కూర్చోబెడితే బైబిలు తెరిచింది. ఒక్క పేజీ తిప్పలేదు. రెండు గంటలూ మమ్మల్నే చూస్తూ కూర్చుంది. వాహిద్ భాయ్ నాతో "ఇంకోసారి" అన్నప్పుడల్లా, "పాపం, ఊపిరి తీసుకోనీ అప్పా!" అని అరిచింది. నాలుగోసారి ఆయన రెండు చేతులూ జోడించి, "అమ్మా, ఈడ ఉస్తాదు నువ్వా, నేనా?" అన్నాడు. అత్త బైబిలు మూసి, "నువ్వే. కానీ కోడలు నాది" అంది.

మొదటి పాఠం: రాయికి పిడి ఉండదు. వేళ్లతో పట్టుకోవాలని చూస్తే జారిపోతుంది. ముంజేతులు, ఎద, గడ్డం, అన్నీ పట్టుకోవాలి. "సంకబిడ్డను ఎత్తుకున్నెట్ల. రాయి నీ నుంచి దూరం పోయినేకొద్దీ బరువు పెరుగుతాది" అన్నాడు. ఈ వాక్యం రేపు ఫిజిక్స్ మేడంకి చెప్పాలి. చెప్పను. ఎలా తెలిసిందని అడుగుతుంది.

2 ఫిబ్రవరి, ఆదివారం

ముంజేతుల లోపలి తోలు లేచిపోయింది. పొడుగు చేతుల జాకెట్లు రెండే ఉన్నాయి.

9 ఫిబ్రవరి, ఆదివారం

నలభై అయిదు కేజీల రాయి భుజం దాకా.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అత్త అడిగింది. ఆ ఊరి గుండ్లకు పసుపు కుంకం పూస్తారంట గదా, మనం ముట్టుకోవచ్చా అని. నేను మొక్కడానికి కాదు, ఎత్తడానికి పోతున్నానన్నాను. తాతల కాలంలో మిషన్ దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్న కుటుంబం ఆమెది, ఇలాంటివి తేలిగ్గా వదిలేసే మనిషి కాదు. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. జమ్మలమడుగు వంతెన వచ్చేసరికి నా వైపు తిరిగింది.

"రాయి దేవుడు చేసింది. పసుపు మనుషులు పూసింది. నువ్వు రాయినే ఎత్తు."

11 ఫిబ్రవరి, మంగళవారం

అమ్మ పోయి నేటికి రెండేళ్లు.

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తాను. అమ్మకు పక్షవాతం వచ్చాక రెండున్నర సంవత్సరాలు మా ఇంట్లోనే మంచంలో ఉంది. పొద్దున ఐదింటికి లేపి బాత్రూముకు ఎత్తుకుపోవాలి, కడగాలి, తిరిగి పడుకోబెట్టాలి. సాయంత్రం స్కూలు నుంచి వచ్చాక మళ్లీ. మొదట్లో యాభై నాలుగు కేజీలు. నా నడుము పట్టేసింది. అప్పుడు ఆసుపత్రి నర్సు ఒకామె ఇంటికొచ్చి నేర్పింది. వంగొద్దు, కూర్చో. దూరంగా పట్టుకోవద్దు, దగ్గరికి తీసుకో. మోకాళ్లతో లే.

ఆఖరికి అమ్మ ముప్పై ఆరు కేజీలు. బరువు తగ్గేకొద్దీ ఎత్తడం కష్టమైంది.

పోయిన తర్వాత కూడా ఐదింటికే మెలకువ వచ్చేది. లేచి ఆ గదిలోకి పోయేదాన్ని. మంచం ఖాళీ. చేతులు ఏం చేయాలో తెలియక వేలాడేవి. నిజంగానే నొప్పి పుట్టేవి, పని లేక. ఒకరోజు వంటింట్లో బియ్యం మూట కనపడింది. ఇరవై అయిదు కేజీలు. కూర్చుని, దగ్గరికి తీసుకుని, లేచాను. అలాగే నిలబడ్డాను. ఆ రోజు మొదటిసారి ఏడవగలిగాను.

మొదట అది ఏడుపే. ఎప్పుడో మధ్యలో సంతోషం అయింది. ఎప్పుడయిందో నేను గమనించలేదు. ఇప్పుడు నేను ఎత్తేది అమ్మ కోసం కాదు. బాగుంటుంది కాబట్టి ఎత్తుతాను. ఇది రాయడానికి రెండేళ్లు పట్టింది.

17 ఫిబ్రవరి, సోమవారం

నాగసాయి సార్ ఇల్లు ప్రొద్దుటూరులో తాలింఖానా సందులోనే అని నాకు తెలియదు. నిన్న కిటికీలోంచి వీడియో తీశాడు. పొద్దున స్టాఫ్ గ్రూపులో పెట్టాడు. నేను, పంజాబీ డ్రెస్సు, నడుముకు చున్నీ, ఎదకు రాయి. కింద 'మన స్కూల్లో పహిల్వాన్', పక్కన నవ్వే బొమ్మలు ఎనిమిది.

మూడో పీరియడ్ అయ్యేసరికి వేరే స్కూళ్ల వాళ్ల నుంచి ఫోన్లు. ఒకామె ఆరోగ్యం బాగుందా అని అడిగింది. ఒకాయన ఇంట్లో ఏమైనా ప్రాబ్లమా అన్నాడు.

లంచ్‌లో ల్యాబ్ తలుపు వేసుకుని కూర్చున్నాను. డిలీట్ చేయమని బతిమాలుతూ టైప్ చేశాను. పంపకుండా చెరిపేశాను. ఇంకోటి రాసి పంపాను:

"వీడియోలో ఉన్నది నలభై అయిదు కేజీలు సార్. వచ్చే ఆదివారం యాభై. ఉగాదికి నల్లగుట్టపల్లెలో అరవై రెండు. అందరూ రండి."

తర్వాత హెచ్చెమ్ సార్ మెసేజ్: గ్రూపు అఫీషియల్ పర్పస్‌కు మాత్రమే.

18 ఫిబ్రవరి, మంగళవారం

జీవన్ చూశాడు. ఎర్రగుంట్ల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో లారీల తూకం దగ్గర క్లర్కు. వీడియో అక్కడిదాకా పోయింది. ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పలేదు.

"నా పెండ్లాం రాళ్లు మోస్తాందని డ్రైవర్లు అడుగుతాండారు. ఏం జెప్పల్ల నేను?"

"రాళ్లు మోస్తుందని చెప్పు" అన్నాను.

అన్నం తినకుండా పడుకున్నాడు.

22 ఫిబ్రవరి, శనివారం

నాలుగు రోజులుగా నాతో మాటల్లేవు. ఉప్పు కావాలన్నా అత్తనే అడుగుతున్నాడు. అత్త ఉప్పు డబ్బా తెచ్చి నా ముందు పెట్టి, "నీ మొగుడికి ఉప్పు గావాలంట" అంటోంది.

రేపు నల్లగుట్టపల్లె పోతున్నాను, పేరు ఇవ్వడానికి. ఆయనకు చెప్పాను. గోడకు చెప్పినట్టుంది. అయినా చెప్పాను.

23 ఫిబ్రవరి, ఆదివారం

వాహిద్ భాయ్, అత్త, నేను. ముద్దనూరు మీదుగా పులివెందుల, అక్కడి నుంచి లింగాల బస్సు, ఆఖరున ఆటో. దారికి రెండు పక్కలా చీనీ బత్తాయి తోటలు. ఎండ అప్పుడే మాడుతోంది.

ఉత్సవ కమిటీ కార్యదర్శి శేషగిరి గారు. రిటైరైన డ్రాయింగు మాస్టారు, పూజారుల ఇంటి వారు. మర్యాదగా కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించారు. నేను పేరు ఇస్తానంటే మాత్రం గ్లాసు కింద పెట్టేశారు. కుదరదమ్మా అన్నారు. బయటి ఊరివారు, వేరే మతం, పైగా ఆడమనిషి.

ఈ మూడింటిలో అసలు కారణం ఏది సార్ అని అడిగాను. మూడూ అన్నారు.

అప్పుడు వాహిద్ భాయ్ గొంతు సవరించుకున్నాడు. "సామీ, నేను ఎనబై నాలుగులో ఈడికొచ్చి పెద్ద గుండు ఎత్తినా. మీ నాయినే నాకు శాలువా కప్పినాడు. నాది ప్రొద్దుటూరు. నా పేరు అబ్దుల్ వాహిద్."

శేషగిరి గారు ఆయన వైపు చాలాసేపు చూశారు. గుర్తుపట్టినట్టే ఉన్నారు. రెండు కారణాలు అక్కడికక్కడే పోయాయి. మిగిలింది ఒకటి. "ఆడవాళ్లు ఆ గుండ్లను ముట్టుకోకూడదమ్మా. అది ఆనవాయితీ" అన్నారు.

పెరటి వైపు నుంచి ఏదో దొర్లుతున్న చప్పుడు వచ్చింది. తలుపు తీసే ఉంది. కొళాయి దగ్గర ఆయన భార్య జయలక్ష్మమ్మ చీర కుచ్చిళ్లు దోపుకుని, నడిమి గుండును రెండు చేతులతో పక్కకు దొర్లిస్తోంది. దాని కింద చీమలు పుట్ట పెట్టాయట. గుండ్లు ఏడాది పొడుగునా వాళ్ల పెరట్లోనే ఉంటాయట. ఆమె చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి, అందరినీ చూసి, అడక్కుండానే అంది:

"ముప్పై ఏండ్లుగా వాట్ని కడిగేది నేనే, పసుపు పూసేది నేనే. నేను ఆడదాన్ని గాదేమో మరి."

శేషగిరి గారు కమిటీని అడిగి చెబుతానన్నారు. జయలక్ష్మమ్మ నా ఫోన్ నంబరు తీసుకుంది. మజ్జిగ ఇంకో గ్లాసు ఇచ్చింది.

9 మార్చి, ఆదివారం

రంజాన్ మొదలై వారం. వాహిద్ భాయ్ ఉపవాసం. గొంతులో తడి లేకుండానే రెండు గంటలు నన్ను నిలబెట్టి నేర్పాడు. ఆయన ముందు నీళ్లు తాగాలంటే నాకు మనసొప్పలేదు. "తాగమ్మా, రోజా నాది, నీది గాదు" అని కసిరాడు.

యాభై ఏడు కేజీలు. ఒక్కసారి భుజం మీదికి వచ్చింది. రెండోసారి రాలేదు.

శేషగిరి గారి ఫోన్. కమిటీ మధ్యేమార్గం చూసిందట. పోటీ అయిపోయాక నాకు ప్రత్యేకంగా ఒక 'ప్రదర్శన' పెడతారట. చప్పట్లు, శాలువా అన్నీ ఉంటాయట. పోటీలో లెక్క మాత్రం ఉండదు.

వద్దన్నాను. పోటీలోనే, అందరితో పాటే, అవే మూడు ఛాన్సులు. ఎత్తలేకపోతే అందరి మాదిరే ఎత్తలేదని రాసుకోండి అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

తప్పు చేశానా? శాలువా దాకా వచ్చింది, కాదన్నాను. ఏమో. లెక్కలో లేనిది ఎందుకు?

12 మార్చి, బుధవారం

జయలక్ష్మమ్మ ఫోన్ చేసింది. గుసగుసగా మొదలుపెట్టి ఆఖరికి పెద్ద గొంతుతో నవ్వింది.

నిన్న కమిటీ వాళ్లు వాళ్లింట్లోనే కూర్చున్నారట. ఆమె కాఫీలు ఇచ్చి, ఆడోళ్లు ముట్టుకోకూడదనేది ఖాయమేనా అని అడిగిందట. ఖాయమే అన్నారట. "అట్లయితే ఈ ఏడు గుండ్లు మీరే కడుక్కోండి, మీరే పసుపు పూసుకోండి, పెరట్లోంచి మీరే తీసకపోండి. ఇన్నేండ్లు తెల్దు గాబట్టి తప్పు జేస్తి. ఇంగ జెయ్యను" అందట. శేషగిరి గారు నవ్వు ఆపుకోలేక లేచి బయటికి పోయారట.

నా పేరు రాసుకున్నారు. పోటీలోనే.

15 మార్చి, శనివారం

నడుము పట్టేసింది. రాయి వల్ల కాదు. పరీక్షల కోసం క్లాసులో బెంచీలు జరుపుతూ, తొందరలో వంగి లాగాను. ఇన్నాళ్లూ నేర్చుకున్నదంతా ఒక్క బెంచీ దగ్గర మరిచిపోయాను. పదిహేను రోజులుంది.

16 మార్చి, ఆదివారం

పడుకునే రాస్తున్నాను. దగ్గితే ప్రాణం పోతోంది. వాహిద్ భాయ్ ఫోన్‌లో గట్టిగా చెప్పాడు: వారం రోజులు ఏమీ ఎత్తకూడదు, చెంబు కూడా.

18 మార్చి, మంగళవారం

జీవన్ నూనె వేడి చేసుకొచ్చి నడుముకు రాశాడు. అడగకుండానే. చాలాసేపు రాశాక, ఇక చాలించు అన్నాడు. నేను చాలించను అన్నాను. దిండులో ముఖం పెట్టుకుని ఉన్నాను కాబట్టి సరిగా వినపడలేదేమో అని తల తిప్పి మళ్లీ అన్నాను.

"కాలి మింద పడితే? భుజం ఇరిగితే? నువ్వు గూడ మంచంలో పడితే ఎవురు ఎత్తల్ల నిన్ను?" అన్నాడు.

ఇన్నాళ్లూ డ్రైవర్ల మాట గురించే బాధ అనుకున్నాను. సగం అదే. ఇంకో సగం ఇది. ఆ రెండున్నర ఏళ్లు ఆయన కూడా ఈ ఇంట్లోనే ఉన్నాడు కదా.

20 మార్చి, గురువారం

జీవన్ ఫ్యాక్టరీ నుంచి నడుం పట్టా తెచ్చాడు. మందపాటి బట్ట, నాలుగు మూరలు. బస్తాలు మోసే హమాలీలు కట్టుకునేది. నా గురించి చెబితే వాళ్లు మొదట నవ్వారట. తర్వాత ఒకాయన లేచి ఎలా చుట్టాలో, ముడి ఏ పక్కకు రావాలో చూపించాడట. జీవన్ నేర్చుకుని వచ్చి నాకు కట్టాడు. రెండుసార్లు తప్పు కట్టాడు.

ఆ హమాలీ రోజుకు యాభై కేజీల బస్తాలు ఎన్ని వందలు ఎత్తుతాడో. ఆయనకది కూలి, నాకు హాబీ. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. కానీ ఆయన ముడి బాగుంది. అదే కట్టుకుంటాను.

23 మార్చి, ఆదివారం

నలభై అయిదు. నొప్పి లేదు.

వాహిద్ భాయ్ అంతకు మించి ఇవ్వలేదు. అరవై రెండు నేను ఇంతవరకూ ఒక్కసారి కూడా ఎత్తలేదు. "ఆ రోజే ఎత్తుతావు. ముందే ఎత్తితే ఆడికి పొయ్యేది ఎందుకు?" అన్నాడు. నన్ను ధైర్యపరచడానికి అన్నాడు. ఆయన ముఖంలో ధైర్యం లేదు.

29 మార్చి, శనివారం

టెన్త్ ఇన్విజిలేషన్‌లో ఉన్నాను ఈ వారమంతా. పిల్లలు రాస్తుంటే హాల్లో నడుస్తూ లోపలే అనుకుంటూ పోయాను. కూర్చో. దగ్గరికి. తొడ. ఎద. గడ్డం. భుజం.

30 మార్చి, ఆదివారం. ఉగాది

సాయంత్రం ఏడు. పులివెందుల బస్టాండు. బస్సు ఇంకా రాలేదు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. అయినా ఇప్పుడే రాయాలి.

జీవన్ డ్యూటీ మార్చుకుని వచ్చాడు. దారి పొడుగునా నడుం పట్టా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఊరికి చేరేసరికి మూడు. చావిడి ముందు ఎర్రమట్టి తిరగేసి పరిచారు. నాలుగైదు వందల మంది ఉంటారు. వాహిద్ భాయ్ ఆఖరి రోజా, ఎండలో తలకు తుండుగుడ్డ చుట్టుకుని నిలబడ్డాడు. స్కూలు నుంచి తెలుగు మేడం వచ్చింది. నాగసాయి సార్ కూడా వచ్చాడు! దూరంగా ఉన్నాడు. చేతిలో ఫోన్ లేదు.

నడిమి గుండుకు తొమ్మిది మంది పేర్లిచ్చారు. నాది ఎనిమిదో పేరు. ముందు ఏడుగురిలో ఇద్దరే ఎత్తారు. శేషగిరి గారే మైకులో పిలుస్తున్నారు. నా వంతుకు "జమ్మలమడుగు జీవన్ కుమార్ గారి సతీమణి" అన్నారు. ఈలలు వేశారు. ఎవరో ఏదో అన్నారు, కొందరు నవ్వారు. అత్త లేచి నిలబడి ఆ వైపు చూసింది. ఆ వైపు నవ్వు ఆగిపోయింది.

మొదటిసారి. కూర్చున్నాను. తొడల మీదికి వచ్చింది. లేస్తూ ఉండగా కడుపు దగ్గర సర్రున జారింది. పసుపు. ఎండకు చెమట కలిసి రాయి నూనె పూసినట్టుంది. పాదానికి జానెడు దూరంలో పడింది. జనం హో అన్నారు. నేను జీవన్ వైపు చూడలేదు.

రెండోసారి. ఎద దాకా. అక్కడ ఆగిపోయింది. పైకి రాలేదు, కిందికి దించలేక వదిలేశాను. మోచేతి దగ్గర నెత్తురు.

ఒక్క ఛాన్సు. వాహిద్ భాయ్ దగ్గరికొచ్చి, "రాయిని సూడొద్దు. రాయి యాడికీ పోదు. ముందు ఊపిరి" అన్నాడు. నేను ఊపిరి తీసుకుంటూ ఉండగా జయలక్ష్మమ్మ జనంలోంచి వచ్చింది. కొత్త చీర. భుజాన గోనెసంచి. మోకాళ్ల మీద కూర్చుని గుండు మీది పసుపంతా గట్టిగా తుడవడం మొదలుపెట్టింది. కమిటీలో ఎవరో పెద్దాయన, ఏందమ్మా అది, పసుపు తుడుస్తారా పండగ పూట అని కేకేశాడు.

"నేను పూసిందే. నేనే తుడుస్తాండా" అంది. తల కూడా ఎత్తలేదు.

మైకులో శేషగిరి గారు ఆపమనలేదు. తుడిచిన తర్వాత రాయి మొదటిసారి కనపడింది. నల్లగా, గరుకుగా, ఒక పక్క చిన్న సొట్ట. ఆ సొట్టలో నా ముంజేయి సరిగ్గా సరిపోయింది.

కూర్చున్నాను. దగ్గరికి తీసుకున్నాను. లేచాను. నడుం పట్టా బిగిసింది. ఎద దగ్గర ఆగింది, మళ్లీ అక్కడే. కళ్ల ముందు చీకట్లు. ఏమీ గుర్తు రాలేదు, ఎవరూ గుర్తు రాలేదు. రాయీ నేనూ అంతే. గడ్డం కింద పెట్టి, కుడి మోకాలు వంచి, ఒక్క తోపు. భుజం మీద ఉంది! భుజం మీద ఉందని నాకు అర్థమయ్యేలోపు వెనక్కి దొర్లిపోయింది. దబ్బున చప్పుడు. పాదాల కింద నేల అదిరింది.

ఒక్క క్షణం ఏమీ వినపడలేదు. తర్వాత అంతా ఒకేసారి వినపడింది.

మైకులో: "జీవన్ కుమార్ గారి సతీమణి నడిమి గుండు ఎత్తినారు."

నేను మైకు బల్ల దగ్గరికి నడిచాను. నా పేరు చెప్పమని అడగాలి. నోరు తెరిస్తే ఊపిరే తప్ప మాట రావడం లేదు. బల్ల పట్టుకుని నిలబడ్డాను, పోకుండా. ఆయనకు అర్థం కాలేదు, నీళ్లు ఇవ్వబోయారు. వద్దని తల ఊపాను. మళ్లీ నోరు తెరిచాను.

వెనక నుంచి ఒక గొంతు వచ్చింది, కీచుగా, పగిలిపోతూ.

"పేరు జెప్పప్పా మైకులో! నా పేరు ఎందుకు? ఎత్తింది నేనా? హెలెన్! హెలెన్ టీచర్!"

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో జీవన్ అంత గట్టిగా అరవడం నేను వినలేదు.

శేషగిరి గారు మైకు సర్దుకున్నారు. నా పేరు చెప్పారు. తర్వాత ఆయనంతట ఆయనే ఇంకోసారి చెప్పారు.

బస్సు వచ్చింది.

31 మార్చి, సోమవారం

భుజం వంకాయ రంగులో ఉంది. వాహిద్ భాయ్ ఇంటి నుంచి రంజాన్ పాయసం, షీర్ ఖుర్మా వచ్చింది. జీవన్ స్పూనుతో తినిపిస్తానన్నాడు. చెయ్యి బాగానే ఉందని చెప్పలేదు.

2 ఏప్రిల్, బుధవారం

నాగసాయి సార్ ల్యాబ్‌కు వచ్చాడు. సారీ అన్నాడు. ఆ రోజు వీడియో తీసినందుకు సారీ, మొన్న తీయనందుకు కూడా సారీ అన్నాడు. నవ్వు వచ్చింది. క్షమించానో లేదో ఇంకా తెలియదు.

8 ఏప్రిల్, మంగళవారం

జయలక్ష్మమ్మ ఫోన్. ఉగాది గడిచిన మరుసటి వారం నుంచి వాళ్ల పెరట్లోకి ఆడవాళ్లు వస్తున్నారట, చిన్న గుండును చూసిపోతామని. చూడడం కాదు, తలుపు వేసుకుని ఎత్తడానికి ప్రయత్నిస్తున్నారట. ఒకామె నడుము పట్టేసిందట.

"అందరూ వంగి లాగుతాండారు. నువ్వొచ్చి జెప్పల్ల" అంది.

27 ఏప్రిల్, ఆదివారం

నల్లగుట్టపల్లె. పెరట్లో తొమ్మిది మంది. జయలక్ష్మమ్మకు అరవై ఒకటి. చిన్న గుండును తొడల మీదికి తీసుకుంది, ఎదకు అదుముకుంది, లేచింది. దించమ్మా అన్నాను. దించలేదు. గుండుతోనే పెరడు దాటి, ఇల్లు దాటి, అరుగు మీద పేపరు చదువుతున్న శేషగిరి గారిని దాటి, వీధిలోకి నడిచింది. మేమంతా వెనకాలే. యాడికమ్మా అని ఎవరో అడిగారు.

"తెల్దు" అంది. నడుస్తూనే ఉంది.